ఆలాపనా, సాగదీతా? పింక్ ఫ్లాయిడ్ మీద పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో, ఇంగ్లిష్ రాక్ సంగీతం వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన ఒక పాఠకురాలికి, పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టమని రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకున్నాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్యకాలంలో మరే జవాబుకూ రాలేదు. సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది ఏకిపారేశారు. మెచ్చుకున్నవాళ్లలో కూడా ఏ ఇద్దరూ ఒకే కారణం చెప్పలేదు. అందుకని ఈసారి ప్రశ్నలన్నీ ఆ ఒక్క బృందం గురించే తీసుకుంటున్నాను. రాసినవారి పేర్లు వదిలేసి పేటల పేర్లు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు ఆదివారం పొద్దున ఈ పాటలే పెడతారు. మాటలు మొదలయ్యేసరికే నాలుగైదు నిమిషాలు గడిచిపోతాయి, ఆ తర్వాత కూడా ఏమీ జరిగినట్టు ఉండదు. నాకు నిజంగానే నిద్ర వస్తుంది. కానీ మా క్లాసులో చాలామంది ఆ ముక్కోణం బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని తిరుగుతారు. యాభై ఏళ్లు దాటిన ఈ సంగీతంలో అంతగా ఏముందో, లేక ఉందని అందరూ నటిస్తున్నారో చెప్పగలరా?
(ఒక డిగ్రీ విద్యార్థి, తార్నాక)

జవాబు: నటించేవాళ్లు తప్పకుండా ఉన్నారు. కోఠి ఫుట్‌పాత్ మీద ఆ టీషర్టు బేరమాడి కొన్నవారందరూ ఆ ఆల్బమ్ విన్నారని నేను అనుకోను. ఆ ముక్కోణం నిజానికి మీరు తొమ్మిదో పదో తరగతి భౌతికశాస్త్రంలో గీసిన పట్టకమే. హిప్‌నోసిస్ అనే లండన్ డిజైన్ సంస్థ ఆలోచనను జార్జ్ హార్డీ బొమ్మగా గీశారు. అట్ట మీద బృందం పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ లేకుండా బొమ్మ ఒక్కటే వదిలేశారు. అంత మంచి బొమ్మకు పాటతో పని లేకుండానే గిరాకీ ఉంటుంది.

అయితే టీషర్టుల వల్ల ఒక ఆల్బమ్ అన్నేళ్లు నిలవదు. అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో అది మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం. కానీ 1973 నుంచి 1988 వరకు మొత్తం 741 వారాలు ఆ పట్టికలోనే కనిపించింది. మన భాషలో చెప్పాలంటే వంద రోజుల బోర్డు పెట్టే సినిమా కాదది, ఏ ఊళ్లో చూసినా ఏదో ఒక థియేటర్లో ఉదయం ఆటగా ఆడుతూనే ఉండే సినిమా.

నిద్ర వస్తోందన్న మీ మాటను నేను తప్పుపట్టను. ఈ బృందం మీద యాభై ఏళ్లుగా నడుస్తున్న తగవంతా మీరన్న ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. కచేరీలో విద్వాంసుడు అరగంట సేపు రాగం ఆలపిస్తే ఒకరు కళ్లు మూసుకుని తల ఊపుతారు, పక్క కుర్చీలోని వారు కాఫీకి లేస్తారు; ఇద్దరి చెవినీ పడింది ఒకటే. పింక్ ఫ్లాయిడ్ పాటల్లో స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన ఖాళీ చాలా ఎక్కువ. బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ తీగల మీద వేగంగా పరుగులు పెట్టే మనిషి కాదు; ఒక స్వరాన్ని వంచి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు రెండోది మోగిస్తాడు. ఆ ఖాళీలో మన ఆలోచనలు కూర్చోగలిగితే అది ఆలాపన, కూర్చోలేకపోతే సాగదీత. మీకు నచ్చకపోవడానికీ మీ నాన్నగారికి నచ్చడానికీ కారణం ఒకటేనని నా అభిప్రాయం.

ఇలా విసుక్కున్నవారిలో మీరు మొదటివారు కాదు. 1970ల నడుమ లండన్‌లో జాన్ లైడన్ అనే కుర్రాడు పింక్ ఫ్లాయిడ్ టీషర్టు మీద, ఆ పేరుకు పైన ‘నాకు అసహ్యం’ అని ఇంగ్లిష్‌లో రాసుకుని తిరిగాడు. సెక్స్ పిస్టల్స్ బృందానికి అతడు గాయకుడు కావడంలో ఆ చొక్కాకు కూడా వాటా ఉంది. మూడు నిమిషాల్లో మూడే కార్డ్‌లతో (కలిపి మోగించే స్వరాల గుత్తులతో) పాట ముగించాలన్న పంక్ తరానికి ఇరవై నిమిషాల పాటలు పెద్దమనుషుల కులాసాగా కనబడ్డాయి. తమాషా ఏమిటంటే, అదే పంక్ తరంలోని ద డామ్డ్ అనే బృందం 1977లో తమ రెండో ఆల్బమ్‌ను రూపొందించడానికి పింక్ ఫ్లాయిడ్ పాత నాయకుడు సిడ్ బారెట్ కావాలని కోరుకుంది. ఆయన దొరకకపోయేసరికి చివరికి ఆ పని చేసింది పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్.

ఇక ‘ఏమీ జరగదు’ అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. ‘మనీ’ అనే పాట మొదట్లో వచ్చే చిల్లర గలగలను ఒక్కసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. బృందంలో బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసే రోజర్ వాటర్స్, తన భార్య కుండలు చేసుకునే షెడ్డులో మట్టి కలిపే పాత్రలోకి నాణేలు విసిరి ఆ చప్పుడు రికార్డు చేశారు. దానికి కాగితం చింపిన చప్పుడూ దుకాణంలో డబ్బు లెక్కించే యంత్రం చప్పుడూ చేర్చి, టేపును స్కేలుతో కొలిచి ముక్కలు కోసి, అతికించి, గుండ్రంగా తిరిగే ఒక దండలా చేశారు. అందులో ఏడు దెబ్బలుంటాయి. మిశ్రచాపు లెక్క తెలిసినవారికి ఏడు కొత్త కాదు గానీ, నాలుగుకు అలవాటుపడిన రాక్ శ్రోతకు అది నడకలో తగిలే చిన్న రాయి. గిటార్ వాద్యం వచ్చేసరికి పాట ఏడు నుంచి నాలుగులోకి దిగుతుంది. అక్కడ మీ కాలు తనంతట తానే ఆడుతుంది. అప్పటికీ నిద్ర వస్తే నిద్రపోండి, నాన్నగారికి నేను సర్దిచెబుతాను.

ప్రశ్న: అదే ఆల్బమ్‌లో ఒక స్త్రీ మాటల్లేకుండా పాడే పాట ఉంది. నేను కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. అది ముందుగా రాసిపెట్టిన బాణీయా, లేక అప్పటికప్పుడు పాడిందా? ఆమె ఆ బృందంలో మనిషేనా?
(ఒక సంగీత విద్యార్థిని, నల్లకుంట)

జవాబు: ఆమె పేరు క్లేర్ టోరీ. బృందంలో మనిషి కాదు. 1973 జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు ఆమెను పిలిపించింది సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్. బృందంలో కీబోర్డులు వాయించే రిచర్డ్ రైట్ పియానో మీద అల్లిన స్వరక్రమం ఒకటి అప్పటికి సిద్ధంగా ఉంది. దాని మీద ఏం పాడాలో బృందంలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. మాటలు వద్దన్నారు, మృత్యువును తలచుకుని పాడమన్నారు. ఆమె తన గొంతును ఒక వాయిద్యం అనుకుని, రెండు మూడు విడతలు పాడి, మరీ అతి చేశానేమోనని సిగ్గుపడి క్షమాపణ చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. ఇచ్చింది 30 పౌండ్లు. తన గొంతును ఆల్బమ్‌లో వాడుకున్నారన్న సంగతి ఆమెకు దుకాణంలో రికార్డు అట్ట మీద తన పేరు చూసుకున్నప్పుడు తెలిసింది.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు: స్వరక్రమం రైట్‌ది, పాడిందంతా టోరీ మనోధర్మం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. పల్లవి ఒకరిదైనా దాని మీద విస్తరించి పాడినదాన్ని విద్వాంసుల సొత్తుగానే మనం గౌరవిస్తాం. ఇంగ్లిష్ రికార్డుల లోకంలో మాత్రం స్వరకర్తగా పేరు ఎవరికి ఉంటే రాయల్టీ వారికే. ముప్పై ఏళ్లు ఊరుకుని ఆమె 2004లో దావా వేసింది. 2005లో రాజీ కుదిరింది. ఆ తర్వాత వెలువడిన ముద్రణల్లో స్వరకర్తలుగా రైట్, టోరీ ఇద్దరి పేర్లూ ఉంటున్నాయి. ఈ బృందాన్ని ఎంత ప్రేమించేవారైనా ఆ ముప్పై ఏళ్ల ఆలస్యాన్ని సమర్థించలేరు. ఒక సాయంత్రం మీ గురువుగారికి ఆ పాట వినిపించి, ఆవిడ ఏమన్నారో రాయండి.

ప్రశ్న: మీరు 1973 అంటున్నారు. నా దృష్టిలో 1968లో సిడ్ బారెట్ బయటికి వెళ్లిన రోజే పింక్ ఫ్లాయిడ్ అయిపోయింది. మిగిలినదంతా ఆ పేరు పెట్టుకున్న వేరే వ్యాపారం. కాదంటారా?
(ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, సికింద్రాబాద్)

జవాబు: సగం అవునంటాను. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో అధిక భాగం బారెట్ రాసినవే, ఆ పాటల్లో ఉన్న అల్లరి ఆ తర్వాత ఈ బృందంలో మళ్లీ కనబడలేదు. మరుగుజ్జుల మీద, అరువు తెచ్చిన సైకిలు మీద పాట కట్టగల మనిషి వెళ్లిపోయాక మిగిలినవారు నవ్వడం మరిచిపోయారు. బారెట్ మనసు చెదిరిపోయిన తీరు, అందులో ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు పాత్ర, మిత్రులు ఆయనను వదిలేసిన తీరు, ఇవన్నీ బాధ కలిగించేవే. 1968 జనవరిలో ఒక కచేరీకి కారులో బయలుదేరినప్పుడు, సిడ్‌ను ఎక్కించుకోవాలా అని ఒకరు అడిగితే, వద్దులే అన్నారట. ఆయన్ను తీసేయడం అంత చిన్న మాటతో జరిగిపోయింది.

రెండో సగం మాత్రం కాదంటాను. మీరు ‘వేరే వ్యాపారం’ అంటున్న ఆ మిగిలిన నలుగురూ దారి తెలియక ఐదేళ్లు తడుముకున్నారు. 1970లో ఆవు బొమ్మ అట్టతో వచ్చిన ‘ఆటమ్ హార్ట్ మదర్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరినా, దాన్ని తర్వాత గిల్మర్, వాటర్స్ ఇద్దరూ తీసిపారేశారు. ఆ తడుములాట ఫలితమే 1971 నాటి ‘ఎకోస్’ అనే 23 నిమిషాల పాట, దాని కొనసాగింపే 1973. పైగా వాళ్ల ఉత్తమ రచనల్లో ఒకటి బారెట్ లేని లోటు మీదే పుట్టింది. 1975 జూన్ 5న, ఆయన గురించే రాసిన పాటకు స్టూడియోలో తుది మెరుగులు దిద్దుతున్న వేళ, ఒళ్లు లావెక్కి, తలా కనుబొమలూ గొరిగించుకున్న ఒక మనిషి లోపలికి వచ్చి కూర్చున్నాడు. కొంతసేపటి వరకు ఎవరూ గుర్తుపట్టలేదు. వాళ్లు ఎవరి కోసం ఆ పాట కట్టారో ఆ మనిషే ఆయన. తర్వాత కేంబ్రిడ్జిలో బొమ్మలు వేసుకుంటూ తోటపని చేసుకుంటూ గడిపి 2006లో కన్నుమూశారు. ఆ పాట విని కూడా మీరు వ్యాపారమనే అంటే ఇక నేను వాదించను.

ప్రశ్న: మా ఆఫీసులో మేం రెండు ముఠాలు. రోజర్ వాటర్స్ లేకపోతే పింక్ ఫ్లాయిడ్ లేదని కొందరం, గిల్మర్ గిటార్ తీసేస్తే మిగిలేది ఉపన్యాసమేనని కొందరు. మీరు ఎవరి పక్షం?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్)

జవాబు: పార్టీ చీలితే గుర్తు ఎవరికి దక్కాలన్న తగాదా మన పాఠకులకు కొత్త కాదు. 1985లో వాటర్స్ బయటికి వచ్చి, తాను లేని బృందానికి ఆ పేరు వాడుకునే హక్కు లేదని మరుసటి ఏడాది కోర్టు మెట్లెక్కారు. 1987 చివరికి రాజీ కుదిరింది: పేరు గిల్మర్, మేసన్‌లకు, ‘ద వాల్’ అనే ఆల్బమ్ ప్రదర్శన హక్కులూ, కచేరీల్లో తేలే గాలి పంది బొమ్మా వాటర్స్‌కు.

పంది అంటే గుర్తొచ్చింది. 1976 డిసెంబరులో లండన్ బాటర్‌సీ విద్యుత్ కేంద్రం చిమ్నీల మధ్య ఆల్బమ్ అట్ట కోసం ఫోటో తీస్తుండగా ఆ బొమ్మ తాడు తెంపుకుని విమానాల దారిలోకి ఎగిరిపోయి, చివరికి కెంట్‌లో ఒక రైతు పొలంలో దిగింది. రాజీపత్రంలో దాని ప్రస్తావన రావడం న్యాయమే.

మీ పందేనికి జవాబు ‘కంఫర్టబ్లీ నమ్’ పాటలోనే ఉంది. బాణీ గిల్మర్‌ది, మాటలు వాటర్స్‌వి. వాద్యబృందంతో నిండుగా ఉండాలని ఒకరు, మొరటుగా ఉండాలని మరొకరు పట్టుబట్టి, చివరికి రెండింటినీ కలిపి అతికించారు. ఇద్దరికీ పూర్తిగా నచ్చని ఆ అతుకుల పాటే జనం ఎక్కువగా కోరుకునే వాటిలో ఒకటయ్యింది. విడిపోయాక చూడండి: వాటర్స్ సొంత ఆల్బమ్‌లలో చెప్పవలసింది బోలెడు, ఆపమని చెప్పేవారు లేరు, గిల్మర్ నడిపిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లు పొగమంచులా అందంగా ఉంటాయి, చేత్తో పట్టుకుందామంటే ఏమీ దొరకదు. 2002లో నేనూ ఇద్దరు మిత్రులూ కాచిగూడలో రైలెక్కి బెంగళూరు వెళ్లి వాటర్స్ కచేరీ చూశాం. నాకు ఆనాటి నుంచీ మాటల పక్షం వైపు కొంచెం మొగ్గు ఉంది. కానీ ఆ రాత్రి మైదానమంతా ఎదురుచూసింది గిల్మర్ స్వరపరిచిన గిటార్ ఘట్టాల కోసమే, వాటిని వేరొకరు వాయించినా సరే.

మీరిద్దరూ మరిచిన మూడో పక్షం ఒకటుంది. ‘ద వాల్’ తయారవుతుండగా వాటర్స్ ఒత్తిడి మీద రిచర్డ్ రైట్‌ను బృందంలోంచి తప్పించి, ఆ తర్వాతి కచేరీల్లో జీతానికి పెట్టుకున్నారు. వేదికకూ ప్రేక్షకులకూ మధ్య అట్టపెట్టెల ఇటుకలతో నిజంగానే గోడ కట్టిన ఆ ప్రదర్శనలు నష్టాల్లో ముగిశాయి. భాగస్వాములు ముగ్గురూ చేతి డబ్బు పోగొట్టుకున్నారు. జీతగాడు కాబట్టి రైట్ ఒక్కరే లాభపడ్డారు.

వాటర్స్ రాజకీయాల గురించి కూడా మీలో ఒకరు అడిగారు. పాలస్తీనా, ఉక్రెయిన్ విషయాల్లో ఆయన మాటలు చాలామంది అభిమానులను దూరం చేశాయి. యూదు ద్వేషమన్న ఆరోపణలను ఆయన ఖండించారు గానీ, గిల్మర్ 2023లో బహిరంగంగానే, వాటర్స్ మీద తన భార్య చేసిన విమర్శ వైపు నిలిచారు. 2022లో గిల్మర్, మేసన్ పింక్ ఫ్లాయిడ్ పేరుతోనే ఉక్రెయిన్ కోసం పాట విడుదల చేశారు. తండ్రి 1944లో ఇటలీలోని ఆన్జియో యుద్ధంలో చనిపోయేనాటికి వాటర్స్ ఐదు నెలల పసివాడు. యుద్ధం మీద ఆయన కోపం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోవడానికి అది పనికొస్తుంది. ఆయన ప్రతి మాటనూ ఒప్పుకోవడానికి మాత్రం అది చాలదు.

ప్రశ్న: మా పదో తరగతి పిల్లలు పాఠశాల వార్షికోత్సవంలో, చదువు వద్దని పిల్లలంతా కలిసి పాడే ఆ పింక్ ఫ్లాయిడ్ పాట పాడతామంటున్నారు. ఉపాధ్యాయురాలిగా నేను ఒప్పుకోవచ్చా?
(ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఒప్పుకోండి, కానీ ముందు ఒక పీరియడ్ వ్యాకరణం చెప్పండి. చదువు అక్కర్లేదని చెప్పే ఆ ‘వుయ్ డోంట్ నీడ్ నో ఎడ్యుకేషన్’ వాక్యంలోనే రెండు వ్యతిరేకార్థకాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఎర్ర ఇంకు పెన్ను పట్టుకున్నవారికి అంతకంటే వినోదం ఉండదు.

ఆ పాట అసలు కోపం చదువు మీద కాదు, పిల్లలను వెక్కిరించి కించపరిచిన 1950ల నాటి కేంబ్రిడ్జి మాస్టర్ల మీద. 1979లో అది రికార్డు చేసినప్పుడు, స్టూడియో దగ్గరలోని ఇజ్లింగ్టన్ గ్రీన్ స్కూలు నుంచి 23 మంది పిల్లలను తీసుకొచ్చి పాడించారు. ఆ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది వాళ్ల సంగీతం మాస్టరే! 1980లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చదువులకు వ్యతిరేకంగా బడులు మానేసిన నల్లజాతి పిల్లలు దాన్ని తమ పాటగా పాడుకున్నారు. అక్కడి ప్రభుత్వం నిషేధించింది. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్ గంట మోగే హాస్టళ్లున్న మన నగరంలో ఆ పాట అర్థం పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మీరు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడితే అందులోని పదును సగం తగ్గిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

ప్రశ్న: పింక్ ఫ్లాయిడ్ అనేది మనిషి పేరా? (ఒక పాఠకుడు, అంబర్‌పేట)

జవాబు: ఇద్దరి పేర్లు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్లలోని మొదటి మాటలను తీసుకుని బారెట్ అతికించారు.

ప్రశ్న: ఫోనులో వింటే సరిపోదా? మావారు ఎల్పీ రికార్డు కొనాల్సిందేనంటున్నారు. అది రెండు చీరల ఖరీదు.
(ఒక గృహిణి, మలక్‌పేట)

జవాబు: ఫోనులో వినండి, కానీ పాటలను వరుస మార్చకుండా, మధ్యలో ప్రకటనలు రాని పద్ధతిలో వినండి. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’లో చాలా పాటలు ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ వస్తాయి. నడుమ ప్రకటన పడితే పెళ్లి మంత్రాల మధ్య మైకు టెస్టింగ్ చేసినట్టు ఉంటుంది.

నేను దీన్ని మొదట విన్నది ఇంటర్ చదివే రోజుల్లో, కోఠిలో ఒక రికార్డింగ్ దుకాణం వారు ఎల్పీ నుంచి ఎక్కించి ఇచ్చిన 90 నిమిషాల క్యాసెట్ మీద. ఒక్కో వైపు 45 నిమిషాలు కాబట్టి, 43 నిమిషాల ఈ ఆల్బమ్ ఒకవైపు, 44 నిమిషాల ‘విష్ యు వర్ హియర్’ రెండో వైపు కొలిచినట్టు సరిపోయేవి. నాలుగు రోజులు తిప్పించుకుని, లేబుల్ మీద ‘పింక్ ఫ్లడ్’ అని రాసి ఇచ్చారు. రికార్డు రెండో వైపు తిప్పడానికి దుకాణం కుర్రాడు ముల్లు ఎత్తినప్పుడు టేపు ఆపడం మరిచాడు. క్లేర్ టోరీ గొంతు ఆగిపోయాక, చిల్లర గలగల మొదలయ్యే ముందు, ‘టక్’మని ఒక చప్పుడు, కాస్త బరబర, ఎవరో దగ్గిన దగ్గు. అది కూడా పాటలో భాగమేనని నేను రెండేళ్లు నమ్మాను. చప్పుళ్లను అంత శ్రద్ధగా కూర్చిన ఆల్బమ్‌లో నమ్మడం పెద్ద వింత కాదు. ఇప్పుడు ఫోనులో శుభ్రంగా వినిపిస్తుంది, ఆ దగ్గు ఒక్కటే లేదు.

ఎల్పీ సంగతి: ఇంట్లో ప్లేయర్ ఉంటే కొననివ్వండి. లేకపోతే అది గోడకు తగిలించే బొమ్మ అవుతుంది, ఆ బొమ్మ టీషర్టు మీద చవకగా దొరుకుతుంది.